పాన్ నంబర్‌లో అయిదో అక్షరం కలవకపోతే రిజిస్ట్రేషన్ ఆగుతుందా?

ప్రశ్న: లాయర్ గారికి నమస్కారం. నేనూ మావారూ కలిసి తాడేపల్లిగూడెంలో 62 లక్షలకు ఒక పాత డాబా ఇల్లు కొంటున్నాం. అగ్రిమెంటు రాసుకుని 5 లక్షలు అడ్వాన్సు ఇచ్చాం. రిజిస్ట్రేషన్ కాగితాలు తయారు చేయించడానికి వెళితే డాక్యుమెంట్ రైటర్ నా పాన్ కార్డు చూసి, "అయిదో అక్షరం ఇంటిపేరు మొదటి అక్షరం అయి ఉండాలమ్మా. మీ ఇంటిపేరు ‘వి’తో మొదలవుతుంది, నంబర్‌లో ‘కె’ ఉంది. ఈ పాన్ చెల్లదు, కొత్తది తెచ్చుకోండి" అన్నారు. ‘కె’ మా పుట్టింటివారి ఇంటిపేరుది. పెళ్ళయ్యాక పేరు మార్పించుకుంటే కార్డు కొత్తది ఇచ్చారు గానీ నంబర్ పాతదే ఉంచారు. మావారి స్నేహితుడు కొత్త పాన్‌కి అప్లై చేసేయమంటున్నారు. ఇంకో సందేహం. ఆధార్‌లో మొదటి నాలుగంకెలు రాష్ట్రాన్నీ జిల్లానీ చెబుతాయని మా మరిది అంటాడు. నేను పుట్టింది ఒడిశాలోని రాయగడలో, ఆధార్ తీసుకున్నది ఇక్కడ. దీనివల్ల కూడా చిక్కు వస్తుందా? రెండు రోజులుగా ఒకటే టెన్షన్. అగ్రిమెంటు కాపీ జత చేశాను.
– ఒక చదువరి, పశ్చిమ గోదావరి జిల్లా

జవాబు: అమ్మా, ముందు మీ టెన్షన్ తీరే మాట చెబుతాను. మీ పాన్ చెల్లుతుంది. కొత్త పాన్‌కి అప్లై చేయకండి. ఇప్పటికే చేసి ఉంటే ఏం చేయాలో కింద రాశాను. అయితే మీరు పంపిన అగ్రిమెంటులో నాకు వేరే అక్షరం ఒకటి కనిపించింది. మీ పాన్‌లోది కాదు, మీకు ఇల్లు అమ్ముతున్న పెద్దమనిషి పాన్‌లోది. నాకు దిగులంతా దాని గురించే.

మీ డాక్యుమెంట్ రైటర్ చెప్పినదాంట్లో సగం నిజం. పాన్‌లో పది గుర్తులుంటాయి: అయిదు అక్షరాలు, నాలుగు అంకెలు, చివర మళ్ళీ ఒక అక్షరం. మొదటి మూడు అక్షరాలు వరుస సంఖ్య లాంటివి, వాటికి అర్థం లేదు. నాలుగోది ఆ పాన్ ఎలాంటివారిదో చెబుతుంది. అయిదోది మనిషి పాన్ అయితే ఇంటిపేరులో మొదటి అక్షరం, కంపెనీలాంటిదయితే దాని పేరులో మొదటి అక్షరం. తర్వాతి నాలుగంకెలు 0001 నుంచి 9999 దాకా నడిచే వరుస. ఆఖరి అక్షరం సరిచూసుకోవడానికి. మధ్యలో ఒకటి తప్పు కొడితే కంప్యూటర్ పట్టుకోవడానికి పెట్టారు.

ఇక్కడ డాక్యుమెంట్ రైటర్ మరిచిపోయిన సంగతి ఏమిటంటే, ఆ అయిదో అక్షరం పాన్ ఇచ్చిన రోజున మీ ఇంటిపేరు ఏదో దాన్నిబట్టి పడింది. పాన్ అనే పేరులో ‘పి’ అంటే పర్మనెంట్ కదా. పేరు మారినా, ఊరు మారినా, పెళ్ళయినా, విడాకులైనా నంబర్ మారదు. మారేది ఆదాయపు పన్ను శాఖ రికార్డులో ఆ నంబర్ పక్కన ఉన్న పేరు. మీరు చేయించుకున్నది అదే. పద్ధతి ప్రకారమే చేశారు. పాత ఫారం వెనక సూచనల్లో, పెళ్ళి వల్ల పేరు మారిన ఆడవాళ్ళు శుభలేఖ జత చేసినా రుజువుగా ఒప్పుకుంటామని రాసి ఉండేది. అంటే ఇలాంటి మార్పు వస్తుందని శాఖకు మొదటినుంచీ తెలుసన్నమాట.

1961 నాటి ఆదాయపు పన్ను చట్టంలో పాన్ గురించి చెప్పేది 139ఏ సెక్షన్. కొత్త వరుస పాన్ అంటే ఏమిటో అందులో వివరణ ఇచ్చారు: పది అక్షరాలూ అంకెలూ కలిసిన సంఖ్య. అంతే. అయిదో అక్షరం ఇంటిపేరుతో కలవాలని గానీ, కలవకపోతే నంబర్ రద్దవుతుందని గానీ ఎక్కడా లేదు. (అదే వివరణలో ‘లామినేట్ చేసిన కార్డు’ అనే మాట కూడా ఉండేది, 2018లో తీసేశారు. ఫోన్లో చూపించే ఈ-పాన్ చెల్లదని ఎవరైనా అంటే ఈ ముక్క చెప్పండి.) 2025లో వచ్చిన కొత్త ఆదాయపు పన్ను చట్టం 2026 ఏప్రిల్ 1 నుంచి అమలు కావాలని నిర్ణయించారు. దాంట్లో సెక్షన్ల నంబర్లు మారాయి గానీ ఈ విషయంలో సారం మారలేదు.

పైగా ఈ ‘ఇంటిపేరు’ అన్నదే మన దగ్గర పెద్ద తికమక. ఫారంలో ‘చివరి పేరు’ అని అడుగుతారు. మనకి ఇంటిపేరు ముందుంటుంది, చివరన ఉండేది పిలిచే పేరు. ఫారం నింపిన ఏజెంటు ఆ గడిలో ఏది రాస్తే దాని అక్షరం పడుతుంది. నా సొంత పాన్‌లో అయిదో అక్షరం మా ఇంటిపేరుది కాదు, నా పేరుది. ఆ పాన్‌తోనే పాతికేళ్ళుగా పన్ను కడుతున్నాను, ఇంటి లోను తీసుకున్నాను, స్థలం రిజిస్ట్రేషన్ చేయించుకున్నాను. ఎవరూ ఆ అక్షరం వంక చూడలేదు. తెలుగువాళ్ళ పాన్‌లన్నీ అయిదో అక్షరంతో సరిపోల్చడం మొదలుపెడితే సబ్ రిజిస్ట్రార్ ఆఫీసులు మూసుకోవాల్సిందే.

సబ్ రిజిస్ట్రార్ కూడా ఇదే అంటే? 1908 నాటి రిజిస్ట్రేషన్ చట్టం ప్రకారం ఆయన చూడాల్సింది, దస్తావేజు రాసిచ్చినవాళ్ళు వాళ్ళేనా, సంతకాలు వాళ్ళవేనా అని. అయిదో అక్షరం కలవలేదని నిరాకరించడానికి ఏ సెక్షనూ లేదు. అయినా నిరాకరిస్తే కారణం రికార్డు చేయాలని 71వ సెక్షన్ చెబుతుంది. ఆ ఉత్తర్వు కాపీ అడగండి, ఉచితంగా ఇవ్వాలి. దానిమీద 30 రోజుల్లో జిల్లా రిజిస్ట్రార్‌కి 72వ సెక్షన్ కింద అప్పీలు చేసుకోవచ్చు. నా అనుభవంలో ‘కాగితం మీద రాసివ్వండి’ అని మర్యాదగా అడగ్గానే నూటికి తొంభై అభ్యంతరాలు అక్కడే ఆగిపోతాయి. మీరు చేయాల్సిన జాగ్రత్త ఒకటే. దస్తావేజులో మీ పేరు రాసేచోట ‘పెళ్ళికి ముందు ఇంటిపేరు ఫలానా’ అని ఒక ముక్క చేర్చమనండి. ముప్పై ఏళ్ళ తర్వాత మీ పిల్లలు ఆ ఇల్లు అమ్మేటప్పుడు పనికొస్తుంది.

ఇక కొత్త పాన్ సంగతి. ఒక మనిషికి రెండు పాన్‌లు ఉండకూడదని అదే 139ఏలోని 7వ ఉపసెక్షన్ స్పష్టంగా అంటోంది. ఉంటే 272బీ కింద 10,000 రూపాయల జరిమానా. స్నేహితుడి సలహా వింటే ఏ తప్పూ లేని మీరు కోరి తప్పు చేసినవారవుతారు. ఆధార్ ఇప్పటికే ఒక పాన్‌తో లింక్ అయి ఉంటే రెండోది మామూలుగా రాదు. ఒకవేళ అప్లై చేసి, పొరపాటున వచ్చేస్తే దాన్ని ఎక్కడా వాడకండి. మార్పులు చేర్పులకు వాడే ఫారంలోనే, అదనంగా వచ్చిన పాన్ వెనక్కిచ్చేయడానికి ఒక గడి ఉంటుంది. అందులో ఆ నంబర్ రాసి ఇచ్చేయండి. ఉంచుకోవాల్సింది పాతదాన్నే.

ఇప్పుడు అసలు సంగతికి వస్తాను.

అగ్రిమెంటు మొదటి పేజీలో అమ్మే ఆయన పేరు, తండ్రి పేరు, వయసు 71 ఏళ్ళు, ఆధార్, పాన్ రాశారు. ఆ పాన్‌లో నాలుగో అక్షరం ‘హెచ్’. మనిషి పాన్ అయితే అక్కడ ‘పి’ ఉండాలి. కంపెనీకి ‘సి’, భాగస్వామ్య సంస్థకు ‘ఎఫ్’, ట్రస్టుకు ‘టి’, ప్రభుత్వానికి ‘జి’. ‘హెచ్’ అంటే హిందూ అవిభక్త కుటుంబం (ఇంగ్లీషులో పొట్టిగా హెచ్‌యూఎఫ్), మన మాటలో ఉమ్మడి కుటుంబం. పన్ను చట్టం దృష్టిలో ఆయన వేరు, ఆయన కర్తగా, అంటే వ్యవహారాలు చూసే పెద్దగా ఉన్న కుటుంబం వేరు. ఇద్దరికీ రెండు పాన్‌లు ఉండొచ్చు, అది తప్పు కాదు. అగ్రిమెంటులో మాత్రం ‘నా స్వార్జితమైన ఇల్లు, ఇందులో ఇతరులెవరికీ హక్కులు లేవు’ అని రాసి, కుటుంబం పాన్ ఇచ్చారు. ఈ రెండూ ఒకచోట ఇమడవు.

అయిదో అక్షరం మీద అంత పట్టుపట్టిన డాక్యుమెంట్ రైటర్ కన్ను దాని పక్కనే ఉన్న నాలుగో అక్షరం మీద పడకపోవడం చూస్తే నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

ఎందుకిలా ఇచ్చి ఉంటారు? నాకు మూడు కారణాలు తోస్తున్నాయి. ఒకటి, ఉత్త పొరపాటు. చేతికందిన కార్డు జిరాక్స్ తీసిచ్చేసి ఉంటారు. అలా అయితే ఆయన సొంత పాన్ తీసుకుని అగ్రిమెంటు సవరించుకుంటే సరిపోతుంది. రెండోది కొంచెం గడుసుది. మనుషుల పాన్‌కి ఆధార్ లింక్ తప్పనిసరి. చేయకపోతే పాన్ పనిచేయదు. కుటుంబానికి ఆధార్ ఉండదు గనుక ‘హెచ్’ పాన్‌కి ఆ బాధ లేదు. సొంత పాన్ పనిచేయక, పనిచేసేది ఇచ్చారేమో చూడాలి. మూడోది మీకు నిజంగా ప్రమాదమైనది: ఆ ఇల్లు ఉమ్మడి కుటుంబ ఆస్తే కావడం. ఇంటి అద్దె ఇన్నేళ్ళూ కుటుంబం ఖాతాలో చూపించి పన్ను కట్టుంటే, ఆ అలవాటుకొద్దీ ఆ పాన్ ఇచ్చి ఉంటారు.

తొందరపడి ఆయన్ని అనుమానించకండి. ‘హెచ్’ పాన్ ఉన్నంతమాత్రాన ఇల్లు ఉమ్మడి ఆస్తి అయిపోదు. ఉమ్మడి కుటుంబం ఉన్నంతమాత్రాన ప్రతి ఆస్తీ ఉమ్మడిది కాదని, అలా అన్నవాళ్ళే రుజువు చేసుకోవాలని మన కోర్టులు ఎప్పటినుంచో చెబుతున్నాయి. నంబర్‌లోని అక్షరం హక్కును ఇవ్వదు, తీసేయదు. కానీ కుటుంబం పేరుతో వేసిన పన్ను రిటర్నుల్లో ఈ ఇంటి అద్దె కనిపిస్తే మాత్రం, అది ఆయన స్వయంగా ఒప్పుకున్నట్టే. రేపు పిల్లలెవరైనా దావా వేస్తే మొదట కోర్టు ముందు పెట్టేది ఆ రిటర్నులే. మీ దస్తావేజులో ఉన్న ఆయన పాన్ వాళ్ళకు ఇంకో ఆధారం.

పిల్లలంటే కొడుకులే కాదు. ఆయనకు ఒక కొడుకు, ఇద్దరు కూతుళ్ళు అని రాశారు. తెలుగునాట ఈ హక్కుకు పాత చరిత్రే ఉంది. ఎన్.టి.రామారావు ప్రభుత్వం తెచ్చిన 1986 నాటి సవరణ చట్టం, 1985 సెప్టెంబరు 5 నుంచి వర్తించేలా, ఉమ్మడి ఆస్తిలో కూతురికి కొడుకుతో సమానంగా పుట్టుకతోనే హక్కు ఇచ్చింది. అప్పటికే పెళ్ళయినవాళ్ళకు మాత్రం ఇవ్వలేదు. 2005 సెప్టెంబరు 9 నుంచి అమల్లోకి వచ్చిన కేంద్ర సవరణ పెళ్ళి తేడా కూడా తీసేసింది. 2020 ఆగస్టు 11న వినీతా శర్మ కేసులో సుప్రీంకోర్టు, 2005 నాటికి తండ్రి బతికి ఉన్నాడా లేడా అన్నదానితో పనిలేదని తేల్చింది. 2004 డిసెంబరు 20కి ముందే పూర్తయిన పంపకాలు, అమ్మకాలు మాత్రం కదలవు. కాబట్టి ఇల్లు ఉమ్మడిదైతే, అత్తవారింట్లో ఉన్న ఆ ఇద్దరు ఆడపిల్లలకూ అందులో వాటా ఉంది.

కర్త హోదాలో ఆయన కుటుంబ అవసరం కోసం ఉమ్మడి ఆస్తి అమ్మొచ్చు. అవసరం ఉందని రుజువు చేయాల్సి వస్తే ఆ భారం కొన్న మీమీద పడుతుంది. తండ్రి చేసిన అమ్మకం మీద పిల్లలు దావా వేయడానికి, మీరు ఇంట్లో దిగిన రోజు నుంచి 12 ఏళ్ళ గడువు ఉంటుంది. పన్నెండేళ్ళు ఆ ఆలోచనతో నిద్రపోవడం ఎందుకు?

అందుకని ఇలా చేయండి. ముందు ఆ ‘హెచ్’ పాన్ కార్డు కాపీ అడగండి. పేరు చివర హెచ్‌యూఎఫ్ అని ఉంటుంది. తర్వాత ఆయన సొంత ‘పి’ పాన్ అడగండి. ఆదాయపు పన్ను శాఖ పోర్టల్‌లో అది పనిచేస్తోందో లేదో చూసుకోవచ్చు. లింకు డాక్యుమెంట్లు, అంటే ఇల్లు ఇంతకుముందు చేతులు మారిన దస్తావేజులు చూడకుండా ముందుకెళ్ళకండి. ఇల్లు ఆయనకు ఎలా వచ్చింది: కొన్నారా, వీలునామాతో వచ్చిందా, తండ్రి నుంచి పంపకంలో వచ్చిందా? కొని ఉంటే ఆ రోజుల్లో డబ్బు ఎక్కడిదో కూడా అడగొచ్చు, తాతల పొలం అమ్మిన డబ్బయితే కథ మళ్ళీ మొదటికొస్తుంది. ఈసీ (ఎన్‌కంబరెన్స్ సర్టిఫికెట్) ఒక్కటే తీసి సంబరపడకండి. ఈసీలో రిజిస్టర్ అయిన లావాదేవీలు కనిపిస్తాయి గానీ పుట్టుకతో వచ్చిన హక్కులు కనిపించవు.

అనుమానం తీరకపోతే భార్యాపిల్లలందరి చేతా సంతకం పెట్టించమనండి. సాక్షులుగా కాదు, అమ్మేవాళ్ళుగానే. సాక్షి సంతకం పెట్టిన కూతురు రేపు ‘నాన్న సంతకం చూశానంతే, లోపల ఏం రాశారో నాకు తెలియదు’ అంటే ఆ సంతకం మిమ్మల్ని కాపాడకపోవచ్చు.

ఈ అక్షరానికి డబ్బుతోనూ ముడి ఉంది. వ్యవసాయ భూమి కాని స్థిరాస్తి విలువ 50 లక్షలు, ఆపైన ఉంటే కొనేవాళ్ళు అమ్మేవాళ్ళకిచ్చే డబ్బులోంచి 1 శాతం టీడీఎస్ (ముందుగానే మినహాయించే పన్ను) పట్టుకుని ప్రభుత్వానికి కట్టాలి. ధర, స్టాంపు విలువ – రెండిట్లో ఏది ఎక్కువైతే దానిమీద. ‘మేం ఇద్దరం కొంటున్నాం కదా, చెరి 31 లక్షలే’ అనే వాదన 2024 అక్టోబరు 1 నుంచి కుదరదు. ఎందరు కొన్నా, ఎందరు అమ్మినా మొత్తం విలువే చూస్తారు. మీకు 62 లక్షల మీద 62,000 అవుతుంది. దాన్ని ఎవరి పాన్ మీద కడితే వాళ్ళ ఖాతాలో పడుతుంది. ఇల్లు ఆయనది, కట్టింది కుటుంబం పాన్ మీద అయితే ఆయనకు జమ రాదు, మీరు సరిదిద్దుకోవడానికి తిరగాలి. ఇక ఆయన ‘పి’ పాన్ పనిచేయనిదైతే 1 శాతం కాస్తా 20 శాతం అవుతుంది. అంటే 12 లక్షల 40 వేలు. పట్టుకోకుండా డబ్బంతా ఆయన చేతిలో పెట్టేస్తే ఆ తేడాకు నోటీసు వచ్చేది కొన్న మీకే. మీరు ఇచ్చిన 5 లక్షల అడ్వాన్సు కూడా ఈ లెక్కలోదే. దానిమీద 1 శాతం పట్టుకున్నారో లేదో రాయలేదు. పట్టుకోకపోతే వెంటనే కట్టేయండి, ఆలస్యానికి కొద్దిగా వడ్డీ పడుతుంది.

నాలుగో అక్షరం చదవడం ఇల్లు కొనేటప్పుడే కాదు, దుకాణం బిల్లు మీదా పనికొస్తుంది. జీఎస్టీ నంబర్‌లో 15 గుర్తులుంటాయి. మొదటి రెండంకెలు రాష్ట్రం. తెలంగాణకు 36, ఆంధ్రప్రదేశ్‌కు విభజన తర్వాత 37, ఉమ్మడి రాష్ట్రపు పాత కోడ్ 28. మూడో గుర్తు నుంచి పన్నెండో దాకా ఉన్నది ఆ వ్యాపారి పాన్. కాబట్టి జీఎస్టీ నంబర్‌లో ఆరో గుర్తు పాన్‌లో నాలుగోది. బోర్డు మీద ‘అండ్ కో’ అని ఎంత గొప్పగా రాసినా, అక్కడ ‘పి’ ఉంటే ఆ వ్యాపారం ఒక మనిషిది. లీగల్ నోటీసు ఆ మనిషి పేరున వెళ్ళాలి.

ఇక మీ ఆధార్ సందేహం. మీ మరిదికి చెప్పండి, అది కట్టుకథ. 2016 నాటి ఆధార్ చట్టం 4వ సెక్షనే చెబుతోంది: ఆధార్ సంఖ్య యాదృచ్ఛికంగా తీసినదై ఉండాలి, ఆ మనిషి వివరాలతో దానికి ఏ సంబంధమూ ఉండకూడదు. రాష్ట్రం, జిల్లా, పుట్టిన తేదీ, ఆడా మగా – ఏదీ అందులో లేదు. మొదటి అంకె 0 గానీ 1 గానీ కాదు. పన్నెండో అంకె మిగతా పదకొండు అంకెల్నిబట్టి లెక్కకట్టి వేసేది. ఒక అంకె తప్పు రాసినా, పక్కపక్క అంకెలు తారుమారైనా ఆ లెక్క పట్టేస్తుంది. అమెరికాలో ఉన్న పిల్లల్ని అడిగితే చెబుతారు, అక్కడి సోషల్ సెక్యూరిటీ నంబర్‌లో మొదటి మూడంకెలు ఒకప్పుడు ప్రాంతాన్నిబట్టి ఉండేవి. 2011లో ఆ పద్ధతి వాళ్ళూ మానేశారు. మీ మరిది విన్నది ఏ దేశం సంగతో.

రాయగడలో పుట్టారన్నదాంతో మీ ఆధార్‌కు పేచీ లేదు. అన్నట్టు అదే చట్టం 9వ సెక్షన్, ఆధార్ దానంతటదే పౌరసత్వానికి గానీ స్థిరనివాసానికి (డొమిసైల్) గానీ రుజువు కాదంటుంది. నంబర్‌లో ఊరు వెతకడం అందుకే దండగ. ఆధార్ విషయంలో మీరు జాగ్రత్తపడాల్సింది వేరే ఉంది. రిజిస్ట్రేషన్ దస్తావేజుల నుంచి వేలిముద్రలు, ఆధార్ నంబర్లు సంపాదించి బ్యాంకు ఖాతాల్లో డబ్బు లాగేసిన ముఠాలను మన రెండు రాష్ట్రాల్లోనూ పోలీసులు పట్టుకున్నారు. రిజిస్ట్రేషన్ అయిన సాయంత్రమే ఆధార్ యాప్‌లో మీరూ మీవారూ బయోమెట్రిక్ లాక్ పెట్టుకోండి. జిరాక్స్ ఇవ్వాల్సిన మిగతా చోట్ల చివరి నాలుగంకెలే కనిపించే మాస్క్‌డ్ ఆధార్ ఇవ్వండి.

అమ్మే ఆయనతో ఈ వారంలోనే మాట్లాడండి. ‘మీ పాన్‌లో హెచ్ ఉంది, టీడీఎస్ కట్టడానికి ఇబ్బందవుతోంది’ అని మొదలుపెడితే పెద్దాయన నొచ్చుకోరు, అబద్ధం కూడా కాదు. ఆయన చెప్పిన జవాబూ లింకు డాక్యుమెంట్ల కాపీలూ నాకు పంపండి. అవి చూసేదాకా రెండో విడత అడ్వాన్సు మాత్రం ఇవ్వకండి.